12 మీటర్ల ప్రెషర్ లైను: మోడల్లో 154 బార్, స్కోప్‌లో 262. తేడా ఎక్కడ?

#1 పీణ్య_స్పూల్
బెంగళూరు పీణ్యలో ఒక హైడ్రాలిక్ ప్రెస్ లైనుకి సర్జ్ (వాల్వు మూయగానే లైన్లో ప్రెషర్ ఎగసిపడడం) మోడల్ కడుతున్నాం. లెక్కకీ మిషనుకీ పొంతన కుదరడం లేదు. వివరాలన్నీ పెడుతున్నా.

పంపు 9 పిస్టన్ల వేరియబుల్, 85 సీసీ, 1440 ఆర్‌పీఎం, అంటే సుమారు 120 ఎల్‌పీఎం. కాంపెన్సేటర్ (ప్రెషర్ ఎక్కితే పంపు ఫ్లో తగ్గించేది) 160 బార్ మీద, పైలట్ టైపు రిలీఫ్ (హద్దు దాటితే ఆయిలు ట్యాంకుకి వదిలే వాల్వు) 190 మీద. పవర్‌ప్యాక్ నుంచి ప్రెస్ మానిఫోల్డ్ దాకా 30×4 స్టీల్ ట్యూబు, 12 మీటర్లు, లోపలి వ్యాసం 22 మి.మీ. చివర సైజు 16 పైలట్ ఆపరేటెడ్ డైరెక్షనల్ వాల్వు, క్లోజ్డ్ సెంటర్ (మధ్యలో ఉంటే దారులన్నీ మూసి ఉంటాయి). సిలిండర్ బోరు 125, రాడ్డు 90. ఆయిలు 46 గ్రేడు, 50 నుంచి 55 డిగ్రీల మధ్య నడుస్తుంది.

సిలిండర్ 95 బార్ మీద ముందుకు పోతుండగా మధ్యలో ఆపితే లైను మొత్తం దడదడలాడుతోంది. పంపు అవుట్‌లెట్ ఫ్లాంజ్ ఓరింగు మాటిమాటికీ పోతోంది.

మోడల్: పంపు వైపు స్థిర ప్రెషర్ 95 బార్, మధ్యలో పైపు, చివర మూసుకునే వాల్వు. తరంగ వేగం 1300 మీ/సె. వచ్చిన పీక్ 154 బార్. స్కోప్‌లో పంపు దగ్గర 262, వాల్వు దగ్గర 251. వంద బార్ పైన తేడా. ఎక్కణ్ణుంచి వస్తోంది?

#2 గేజ్‌చూపు
ముందు కొలత సంగతి తేల్చుకుందాం. ఏ సెన్సారు, ఎంత శాంప్లింగు, ఎలా బిగించారు? గ్లిజరిన్ గేజ్‌ని అడిగితే ఎప్పుడూ అంతా క్షేమమే అంటుంది. పీఎల్‌సీ అనలాగ్ ఇన్‌పుట్ 10 మి.సె. స్కాన్‌తో చదివితే అదీ అంతే. మినీమెస్ టెస్టు హోసు చివర సెన్సారు పెట్టినా పనికిరాదు. ఆ 2 మి.మీ. రంధ్రం, మీటరు పొడవు కలిసి పీక్‌ని కోసేస్తాయి, పైగా ఆలస్యంగా చూపిస్తాయి.

#3 పీణ్య_స్పూల్
0–600 బార్ ట్రాన్స్‌డ్యూసర్లు రెండు, రెస్పాన్సు 1 మి.సె. లోపు. 10 కిలోహెర్ట్జ్ శాంప్లింగు. రెండూ పోర్టులోకే నేరుగా బిగించినవి, మధ్యలో హోసు లేదు, స్నబ్బర్ లేదు.

#4 గేజ్‌చూపు
అయితే కొలతని నమ్మొచ్చు. తప్పు మోడల్లోనే వెతకాలి.

#5 జిగణి_జాక్
గాలి కలిసి ఉంటుంది గురూ. ట్యాంకులో నురగ ఉందా చూడు. గాలుంటే బల్క్ మాడ్యులస్ (ఆయిలు నొక్కుకోకుండా ఎంత గట్టిగా నిలుస్తుందో చెప్పే అంకె) మొత్తం మారిపోతుంది, 1300 అన్న వేగమే తప్పవుతుంది.

#6 తరంగిణి_ఎమ్
#5: గాలి ఉంటే సర్జ్ తగ్గాలి, పెరగకూడదు. ఆయన స్కోప్‌లో ఎక్కువ వస్తోంది. అదీకాక ప్రెషర్ లైన్లో గాలి ప్రభావం అనుకున్నంత ఉండదు. వాతావరణ పీడనం దగ్గర 1 శాతం గాలి, ఆయిల్ మాడ్యులస్ 1.5 గిగాపాస్కల్, అడియాబాటిక్ అని తీసుకుని లెక్క వేస్తే:

5 బార్ దగ్గర ఎఫెక్టివ్ మాడ్యులస్ 0.19 గిగాపాస్కల్, తరంగ వేగం సుమారు 475 మీ/సె.
50 బార్ దగ్గర 1.33, సుమారు 1240 మీ/సె.
150 బార్ దగ్గర 1.47, సుమారు 1300 మీ/సె.

95 బార్ పైన ఉన్న లైనుకి గాలిని నిందించి లాభం లేదు. రిటర్న్ లైనుకి మాత్రం అదే అసలు సంగతి. ఈ లెక్కలో ప్రెషర్ అబ్సల్యూట్‌లో (శూన్యం నుంచి కొలిచి) వేయాలి. గేజ్ ప్రెషర్ పెట్టేస్తే 150 దగ్గర తేడా కనిపించదు, 2 బార్ దగ్గర లెక్క పూర్తిగా చెడిపోతుంది.

#7 జిగణి_జాక్
సరే, గాలి కాదు. పైపు సాగడం?

#8 తరంగిణి_ఎమ్
22 లోపలి వ్యాసానికి 4 మి.మీ. గోడ. స్టీలుకి 207 గిగాపాస్కల్ తీసుకుంటే సవరణ పదం 0.04, తరంగ వేగం 2 శాతం తగ్గుతుంది, అంతే. 1320 కాస్తా 1295 అవుతుంది. హోసు ఉంటే కథ వేరు. ముప్పావు అంగుళం హోసు మీటరుకి 283 సీసీ పడుతుంది. 100 బార్‌కి మీటరుకి 4 సీసీ ఉబ్బుతుందనుకుంటే ఆయిలుతో కలిపి మాడ్యులస్ 0.48కి, వేగం 750 దగ్గరికి పడిపోతాయి. ఉబ్బు ఎంతో హోసు తయారీదారు డేటాషీటులో సీసీల్లో ఉంటుంది, అది తీసుకుని వేయాలి. హోసు అన్నారు కదా అని ఊహించి 1000 పెట్టేయడం సరికాదు.

#9 స్పూల్‌మాస్టర్
నా అనుమానం వాల్వు మూసుకునే తీరు మీద. కేటలాగులో 45 మి.సె. అని ఉంటే చాలామంది 45 మి.సె. పాటు సరళరేఖలో ఫ్లో తగ్గుతుందని పెడతారు. జరిగేది అది కాదు. స్పూలు (వాల్వు లోపల జరుగుతూ దారులు మూసే కడ్డీ) కదలడం మొదలుపెట్టినా ఓపెనింగు ఇంకా పెద్దగానే ఉంటుంది కాబట్టి ఫ్లో దాదాపు తగ్గదు. చివరి పావు వంతు స్ట్రోకులో, ఓవర్‌ల్యాప్ దగ్గరికి వచ్చేటప్పుడు, ఉన్న ఫ్లో అంతా ఒక్కసారిగా కోసుకుపోతుంది. కాబట్టి ఫ్లో ఆగడానికి పట్టే అసలు సమయం 10–12 మి.సె. తరంగం వెళ్ళి రావడానికి పట్టేది 24 భాగించు 1300, అంటే 18.5 మి.సె. మూసుకునేది దానికన్నా ముందే కాబట్టి ఇది పూర్తి జుకోవ్‌స్కీ కేసు, అంటే ఫ్లో ఒక్కసారిగా ఆగితే వచ్చే పూర్తి దెబ్బ: సాంద్రత × తరంగ వేగం × ఫ్లో వేగం.

#10 పీణ్య_స్పూల్
స్పూల్ కర్వ్ అలాగే పెట్టి ఉంది, ఓవర్‌ల్యాప్‌తో సహా. పూర్తి జుకోవ్‌స్కీ విలువ మోడల్లో వస్తూనే ఉంది. ఫ్లో వేగం 5.26 మీ/సె, సాంద్రత 860, తరంగ వేగం 1300. మూడూ గుణిస్తే 58.8 బార్. 95కి కలిపితే 154. మోడల్ కూడా అదే చెబుతోంది. ఇది గరిష్ఠం అనుకుంటే 262 ఎలా వస్తుంది?

#11 కోడ్‌రాత
గరిష్ఠం అన్న మాట దగ్గరే ఆగాలి. 1898లో జుకోవ్‌స్కీ మాస్కో నీటి గొట్టాల మీద తేల్చిన ఆ సూత్రం వాల్వు దగ్గర మొదటి అడుగు ఎంతో చెబుతుంది. ఆ తరవాత ఏం జరుగుతుందో అవతలి చివర ఏముందన్న దాన్ని బట్టి ఉంటుంది.

#12 తరంగిణి_ఎమ్
#11 సరిగ్గా అక్కడే పట్టుకున్నారు. #1 మళ్ళీ చదవండి: "పంపు వైపు స్థిర ప్రెషర్ 95 బార్". ఆ హద్దు నీటి సరఫరా పుస్తకాల్లోది. అక్కడ పై చివర చెరువో ట్యాంకో ఉంటుంది. దాని మట్టం మారదు. తరంగం అక్కడికి వెళ్ళి గుర్తు మారి వెనక్కి వస్తుంది, వాల్వు దగ్గర ప్రెషర్ దించేస్తుంది. అందుకే అక్కడ మొదటి అడుగే గరిష్ఠం.

మన పవర్‌ప్యాక్‌లో ఆ చివర ఉన్నది పంపు. పంపు ప్రెషర్ ఇచ్చేది కాదు, ఫ్లో ఇచ్చేది. అవతల వాల్వు మూసుకున్న సంగతి దానికి తెలిసేది తరంగం చేరాకే, అంటే 9.2 మి.సె. తరవాత. అప్పుడు కూడా స్వాష్‌ప్లేటు (వాలుని బట్టి పంపు ఫ్లో మార్చే పళ్ళెం) వెంటనే వెనక్కి పడదు. అప్పటిదాకా సెకనుకి 2 లీటర్లు తోస్తూనే ఉంటుంది. కాబట్టి తరంగం గుర్తు మారకుండా, అదే ఎత్తు మరొకటి కలుపుకుని తిరిగొస్తుంది. పంపు దగ్గర అడుగు 59 కాదు, 118. వాల్వు దగ్గర మొదటి అడుగు 59, 18.5 మి.సె. తరవాత రెండోది 118.

తేల్చుకోవడం తేలిక. మీ స్కోప్ ట్రేసులో వాల్వు వైపు 18 మి.సె. దగ్గర చూడండి. ప్రెషర్ కిందికి దిగిందా, ఇంకా పైకి ఎక్కిందా? దిగితే మీ మోడల్ సరి. ఎక్కితే నేను చెప్పింది.

#13 పీణ్య_స్పూల్
ఎక్కింది. మొదటి మెట్టులో 55 బార్ దాకా పెరిగింది. కాస్త నిలకడ. 18–19 మి.సె. దగ్గర రెండో మెట్టు, మొదటిదానికన్నా పెద్దది. పంపు వైపు ట్రేసులో మొదటి మెట్టే 110 పైన ఉంది.

#14 గేజ్‌చూపు
ఇంకేం కావాలి! అందుకే వాల్వు దగ్గర బాగుండి పంపు ఫ్లాంజ్ ఓరింగే పోతోంది.

#15 స్పూల్‌మాస్టర్
ఒప్పుకుంటున్నా, కానీ ఒక సందేహం. కాంపెన్సేటర్ 160 దాటగానే పని మొదలుపెట్టాలి కదా. కేటలాగుల్లో 25–40 మి.సె. అని రాస్తారు. ఆ కొద్దిపాటి సమయంలో వంద బార్ పైన చేరుతుందా?

#16 తరంగిణి_ఎమ్
తరంగాలు పక్కన పెట్టి వట్టి ఘనపరిమాణం లెక్క చూద్దాం.

లైను అడ్డకోత 3.8 చ.సెం.మీ., 12 మీటర్లకి 4.56 లీటర్లు. తరంగం పంపుని చేరేలోపు, అంటే 9.2 మి.సె.లో, పూర్తి ఫ్లో మీద 18.5 సీసీ లోపలికి వచ్చింది. అది సగటున 59 బార్ పెంచుతుంది. తరవాత స్వాష్‌ప్లేటు 40 మి.సె.లో పూర్తి నుంచి సున్నాకి సరళంగా పడిందనుకుంటే సగటు ఫ్లో సెకనుకి 1 లీటరు, అంటే మరో 40 సీసీ. 4.56 లీటర్లలో 40 సీసీ అదనంగా కుక్కితే మాడ్యులస్ 1.45 దగ్గర 127 బార్. 95, 59, 127 కలిపితే 281.

రిలీఫ్ అనేదే లేకపోతే వచ్చే సగటు అంకె ఇది. 190 మీద ఉన్న పైలట్ రిలీఫ్ తెరుచుకోవడానికి 25 మి.సె. అటూఇటూ తీసుకుని మిగతాది కోసింది, 262 దగ్గర ఆగింది. మొత్తం కలిసిపోయింది.

#17 జిగణి_జాక్
ఇంత సూటిగా లెక్క కుదరడం చూస్తే చాలా సంతోషంగా ఉందక్కా. మరి లైను చిన్నదైతే సర్జ్ తగ్గుతుందని అందరూ అంటారే? మీ లెక్కలో ఘనపరిమాణం తగ్గితే ప్రెషర్ ఇంకా పెరుగుతుంది కదా.

#18 తరంగిణి_ఎమ్
పంపు ఫ్లో ఆపే ఆలస్యమే సమస్య అయిన చోట అవును, చిన్న లైనులో ఇంకా పెరుగుతుంది. 12 బదులు 3 మీటర్ల లైను పెడితే అదే 40 సీసీ నాలుగో వంతు చోటులో పడుతుంది. అక్కడ రిలీఫ్ వేగమే దిక్కు. లైను చిన్నదైతే మంచిదన్న మాట నీటి లైన్ల నుంచి వచ్చింది, స్థిర ప్రెషర్ ఉన్న చోటే చెల్లుతుంది.

#19 కోడ్‌రాత
మోడల్ మార్చేటప్పుడు పనికొచ్చేవి చెబుతా.

క్యారెక్టరిస్టిక్స్ పద్ధతిలో (తరంగాన్ని ముక్క ముక్కగా వెంటాడే లెక్క) రాస్తుంటే 12 మీటర్లని 24 ముక్కలు చేయండి. ముక్క 0.5 మీటరు, టైంస్టెప్పు 0.385 మి.సె. కూరాంట్ సంఖ్య సరిగ్గా 1 ఉండాలి (ఒక టైంస్టెప్పులో తరంగం సరిగ్గా ఒక ముక్క దాటాలి), ఇంటర్‌పొలేషన్ వద్దు. అది చేస్తే తరంగం ముఖం కరిగిపోయి పీక్ తక్కువ చూపిస్తుంది. పైపు ఇంపిడెన్సు అంటే సాంద్రత × తరంగ వేగం భాగించు అడ్డకోత. ప్రతి చివరా ఒక్క సమీకరణం చాలు.

పంపు చివర: ఫ్లో = స్వాష్ స్థితి × 2 లీటర్లు, అందులోంచి ప్రెషర్‌తో పెరిగే లీకేజీ తీసేయండి. స్వాష్ స్థితికి ప్రెషర్ 160 దాటాక 5 మి.సె. నిద్ర, తరవాత 40 మి.సె.లో పూర్తి నుంచి సున్నా అన్న రేటు పరిమితి. రిలీఫ్‌ని ఆదర్శ వాల్వుగా పెట్టకండి. 190 దాటగానే నిటారుగా కోసేస్తుంది, ఆ పీక్ ఎక్కడా కనపడదు. కనీసం ఒక ఆలస్యం, ఫ్లోతో పెరిగే ఓవర్‌రైడ్ (సెట్టింగుని దాటి ఎక్కే ప్రెషర్) పెట్టండి.

సిమ్‌స్కేప్, ఏమ్‌సిమ్ లాంటి సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్లు వాడితే పైపు బ్లాకులో సెగ్మెంటు 1 అని డిఫాల్టు ఉందేమో చూసుకోండి. ఒక్క సెగ్మెంటు అంటే ఒక డబ్బా, అందులో తరంగమే ఉండదు. ఈ లైను పావు తరంగ పౌనఃపున్యం 1300 భాగించు 48, అంటే 27 హెర్ట్జ్. చూడాలనుకున్న గరిష్ఠ పౌనఃపున్యంలో ఒక తరంగ పొడవుకి కనీసం 8–10 సెగ్మెంట్లు రావాలి. సెగ్మెంట్ల మోడల్లో మెట్టు అంచు మీద చిన్న వణుకు కనిపిస్తే అది ముక్కలు చేయడం వల్ల వచ్చిందే, లైన్లో ఉన్నది కాదు.

#20 బొమ్మసంద్ర_ఎఫ్
ఫ్రిక్షన్ సంగతి? జీల్కే 1968లో ఇచ్చిన పౌనఃపున్యాన్ని బట్టి మారే ఫ్రిక్షన్ పెట్టాలా?

#21 కోడ్‌రాత
మొదటి పీక్ కావాలంటే అక్కర్లేదు. పీక్ తరవాత వణుకు ఎంతసేపు ఉంటుందో కావాలంటే తప్పదు. మామూలు స్థిర ఫ్రిక్షన్‌తో మోడల్లో వణుకు అవసరానికి మించి సాగుతుంది, హోసు ఫటీగు లెక్కలో సైకిళ్ళు ఎక్కువ పడతాయి. ట్రిఖా 1975లో ఇచ్చిన మూడు పదాల సరళీకరణ తీసుకుంటే కంప్యూటరుకి భారం ఉండదు. అవి లామినార్‌కి (సుడులు లేని ప్రవాహానికి) ఉద్దేశించినవి. ఇక్కడ రెనాల్డ్స్ సంఖ్య 50 డిగ్రీల దగ్గర 3500 పైన పడుతోంది, కాబట్టి అంచనాగానే చూడాలి.

#22 పీణ్య_స్పూల్
పంపు హద్దు మార్చి నడిపాం. పంపు దగ్గర 268, వాల్వు దగ్గర 257. స్కోప్‌లో 262, 251. రెండో మెట్టు కూడా 18.5 దగ్గరే పడింది. ఇప్పుడు మోడల్ని నమ్మి మార్పులు వేసి చూడొచ్చు. ఏది ముందు? అక్యుములేటర్ (గ్యాస్ నింపిన, ఆయిలు మింగే సీసా) అంటున్నారు, పైలట్ చోక్ అంటున్నారు, డైరెక్టు రిలీఫ్ అంటున్నారు.

#23 స్పూల్‌మాస్టర్
పైలట్ చోక్ ముందు. ఇది పైలట్ ఆపరేటెడ్ వాల్వు కాబట్టి పైలట్‌కీ మెయిన్ స్పూలుకీ మధ్య థ్రాటిల్ చెక్ ప్లేటు పెట్టొచ్చు, మీటర్ అవుట్ దిశలో. స్పూలు సెంటరుకి వచ్చే సమయం 150 మి.సె.కి పెంచండి. వాల్వు ఇంకా కొంత ఫ్లో వదులుతుండగానే లైను 160కి చేరుతుంది, పంపు అప్పుడే దిగడం మొదలుపెడుతుంది. ఖర్చు తక్కువ, నిల్వ శక్తి ఏదీ చేరదు.

#24 పీఎల్‌సీ_వైర్
దానికి ధర స్టాపింగు పొజిషన్లో చెల్లించాలి. సిలిండర్ వేగం 163 మి.మీ./సె. అదనంగా 100 మి.సె. అంటే సగటున 8 మి.మీ. ముందుకు పోతుంది. డిసెంబరు పొద్దున్న బెంగళూరులో చల్లారిన ఆయిలుతో చోక్ ఇంకా నెమ్మదిస్తుంది, మధ్యాహ్నం వేరేగా ఉంటుంది. లిమిట్ స్విచ్ ఎక్కడుందో చూసుకోకుండా చోక్ తిప్పితే డై దెబ్బతింటుంది.

సాఫ్ట్‌వేర్ దారి ఉంది. కాంపెన్సేటర్‌కి రిమోట్ వెంటు పోర్టు ఉంటే చిన్న సాలినాయిడ్ పెట్టి, వాల్వు ఆపే 60–80 మి.సె. ముందు వెంటు చేయండి. పంపు ముందే స్టాండ్‌బైకి దిగిపోతుంది, వాల్వు మూసుకునేటప్పుడు ఆపడానికి ఫ్లోనే ఉండదు.

#25 స్పూల్‌మాస్టర్
#24: రామ్ నిలువుగా ఉంటే ఆ 80 మి.సె.లో బరువు జారకుండా కౌంటర్‌బ్యాలెన్సో, పైలట్ చెక్కో సిలిండర్ పోర్టు మీదే ఉండాలి. అది లేకుండా పంపుని ముందే దించడం ప్రమాదం. సర్క్యూట్ డ్రాయింగు చూడకుండా ఎవరూ ఇది చేయకూడదు.

#26 పీఎల్‌సీ_వైర్
నిజమే, అది ముందు చూడాల్సిందే.

#27 అంబత్తూర్_ఆయిల్
చెన్నై నుంచి ఓ మాట. 1 లీటరు బ్లాడర్ అక్యుములేటర్ పంపు అవుట్‌లెట్ దగ్గర పెట్టేస్తే పొజిషన్ ముట్టుకోకుండానే అయిపోతుంది కదా?

#28 తరంగిణి_ఎమ్
సైజు సరిపోతుంది, లెక్క ఇదిగో. మింగాల్సింది 40 సీసీ. 160 నుంచి 190 బార్ లోపు మింగాలి. లైను కనిష్ఠ పని ప్రెషర్ 95, ప్రీచార్జ్ (ముందే నింపే గ్యాస్ ప్రెషర్) దానిలో సుమారు 0.9 వంతు, అంటే వేడి మీద 84–85. గ్యాస్ ఘాతాంకం 1.4తో అబ్సల్యూట్ ప్రెషర్లు వేస్తే 160–190 మధ్య అక్యుములేటర్ పరిమాణంలో 7 శాతం చొప్పున ఆయిలు పడుతుంది. 40 సీసీకి 0.55 లీటరు. 1 లీటరు తీసుకుంటే చోటు మిగులుతుంది. ఎక్కువ ప్రెషర్ దగ్గర నైట్రోజన్ ఘాతాంకం 1.4 కన్నా పెరుగుతుంది కాబట్టి ఆ మిగులు కావాలి కూడా.

వేడి మీద 84 రావాలంటే 20 డిగ్రీల దగ్గర 75 బార్ నింపాలి. 55 డిగ్రీలకి అబ్సల్యూట్‌లో 12 శాతం పెరుగుతుంది. చల్లగా ఉన్నప్పుడే 85 నింపేస్తే, వేడెక్కాక ప్రీచార్జ్ కనిష్ఠ ప్రెషర్‌ని దాటుతుంది. ప్రతి సైకిల్లో బ్లాడర్ వెళ్ళి కింది పాపెట్‌కి గుద్దుకుంటుంది, అక్కడే కోసుకుపోతుంది.

అన్నిటికన్నా ఎక్కువగా చెడగొట్టేది కనెక్షన్. లైను నుంచి పావు అంగుళం పైపుతో మీటరు దూరంలో అక్యుములేటర్ వేలాడదీస్తే ఆ సన్నని పైపులో ఆయిలు కదలడం మొదలయ్యేలోపే పీక్ అయిపోతుంది. టీ మీద నేరుగా, లైను వ్యాసంతో సమానమైన మెడతో బిగించాలి.

#29 గేజ్‌చూపు
సేఫ్టీ బ్లాకు లేకుండా అక్యుములేటర్ వద్దు. ఐసొలేషన్, బ్లీడ్ వాల్వు, సొంత రిలీఫ్ మూడూ ఉన్న బ్లాకు. మోటారు ఆపినా అందులో శక్తి ఉంటుంది. ఫిట్టింగు విప్పే ముందు బ్లీడ్ తెరిచి గేజ్ సున్నా చూడాలి. నింపేది పొడి నైట్రోజన్ ఒక్కటే. ఆక్సిజన్ గానీ కంప్రెసర్ గాలి గానీ పెడితే ఆయిలుతో కలిసి పేలుతుంది. సిలిండర్ దొరకలేదని ఎవరైనా "ఈ ఒక్కసారికి" అంటే ఒప్పుకోవద్దు.

#30 జిగణి_జాక్
డైరెక్టు రిలీఫ్ గురించి ఎవరూ చెప్పలేదు.

#31 స్పూల్‌మాస్టర్
పాపెట్ టైపు డైరెక్టు కార్ట్రిడ్జి కొన్ని మి.సె.లోనే తెరుచుకుంటుంది. పంపు అవుట్‌లెట్ బ్లాకులోనే పెట్టాలి. 12 మీటర్ల అవతల పెడితే సంగతి దానికి తెలియడానికే 9 మి.సె. పోతాయి. చిక్కు ఓవర్‌రైడ్‌తో. 190కి సెట్ చేసినా 120 ఎల్‌పీఎం మొత్తం దాని గుండా పోయేటప్పుడు 20–40 బార్ పైకి పోతుంది. 262 కాస్తా 220కి దిగుతుంది, 190కి దిగదు. ఫ్లాంజ్ రేటింగుకి అది చాలు అనిపిస్తే ఇదే అన్నిటికన్నా చవక. పాత పైలట్ రిలీఫ్ తీసేయకండి, అది నిలకడ ప్రెషర్‌కి ఉండాలి.

#32 బొమ్మసంద్ర_ఎఫ్
ఫ్లాంజ్ దగ్గర చీలికలు కూడా ఉంటే సర్జ్‌ని మాత్రమే చూడొద్దు. 1440 ఆర్‌పీఎం, 9 పిస్టన్లు అంటే 216 హెర్ట్జ్ రిపుల్ (పిస్టన్ల వల్ల వచ్చే ప్రెషర్ వణుకు). తరంగ పొడవు 6 మీటర్లు. లైన్లో ఎక్కడైనా మూసిన చివరలున్న 3 మీటర్ల కొమ్మ ఉంటే, అర తరంగం సరిగ్గా కుదిరి అది నిరంతరం మోగుతుంది. వాల్వు ఆపినప్పుడే వస్తే సర్జ్, పంపు నడిచినంతసేపూ ఉంటే రిపుల్.

#33 పీణ్య_స్పూల్
ఆపినప్పుడే. కానీ వెనక్కి లాగుతూ ఆపినప్పుడు రిటర్న్ లైన్లో ఇంకో శబ్దం ఉంది, ఒక దెబ్బ, కాసేపటికి ఇంకో దెబ్బ. రిటర్న్ ఫిల్టర్ ఎలిమెంటు నలిగి బయటికి వస్తోంది.

#34 తరంగిణి_ఎమ్
బోరు 125, రాడ్డు 90. వెనక్కి వచ్చేటప్పుడు రాడ్డు వైపు 120 ఎల్‌పీఎం పోతే బోరు వైపు నుంచి 249 బయటికి వస్తుంది. రిటర్న్ పైపు ఎంత?

#35 పీణ్య_స్పూల్
38×4.

#36 తరంగిణి_ఎమ్
లోపల 30 మి.మీ., వేగం 5.9 మీ/సె. రిటర్న్‌కి 2–3 దాటకూడదు. 120 ఎల్‌పీఎం చూసి పైపు, ఫిల్టర్ రెండూ ఎంచుకున్నట్టుంది.

వాల్వు మూసుకోగానే ట్యాంకు వైపు ఆయిలు స్తంభం వేగం మీద ముందుకే పోతుంది. వాల్వు వెనక ప్రెషర్ సున్నా అబ్సల్యూట్ కిందికి పోలేదు కాబట్టి అక్కడ ఖాళీ ఏర్పడుతుంది. తరవాత స్తంభం వెనక్కి వచ్చి ఆ ఖాళీని మూస్తూ కొడుతుంది. మీరు వినే రెండో దెబ్బ అదే.

మోడల్లో మామూలు పైపు పెడితే రిటర్న్ ప్రెషర్ మైనస్ 40 బార్ చూపిస్తుంది. అది చూస్తే వెంటనే కావిటీ మోడల్ ఆన్ చేయాలి. ప్రతి నోడ్ దగ్గర ఆవిరి కావిటీ పెట్టే పద్ధతి తేలికే కానీ కావిటీలు మూసుకునేటప్పుడు లేని స్పైకులు చూపిస్తుంది. నోడ్ల దగ్గర కాస్త గాలి ఉంచే పద్ధతి ఇంకా నమ్మదగింది. #6లో చెప్పిన 475 మీ/సె లాంటి వేగాలు ఇక్కడ కావాలి.

#37 అంబత్తూర్_ఆయిల్
ఇక్కడ మన రెండు ఊళ్ళకీ తేడా ఉంది. బెంగళూరు 900 మీటర్ల పైన, వాతావరణ పీడనం సుమారు 0.91 బార్. చెన్నైలో 1.01. 250 బార్ వైపు ఇది లెక్కలోకి రాదు. సక్షన్‌కి, రిటర్న్ ఖాళీలకి మాత్రం పది శాతం నష్టం. ఇక్కడ సరిపోయిన సక్షన్ స్ట్రెయినర్ అక్కడ కూత పెట్టొచ్చు. మోడల్లో ట్యాంకు ప్రెషర్ 1.013 అని డిఫాల్టు ఉంటుంది, బెంగళూరు మిషనుకి అది మార్చాలి.

#38 స్పూల్‌మాస్టర్
రిటర్న్‌కి మందు: ట్యాంకు దగ్గర 2–3 బార్ స్ప్రింగు చెక్ వాల్వు, పైపు 50 సైజుకి పెంచడం, ఫిల్టర్ 249 ఎల్‌పీఎంకి పైన ఎంచుకోవడం. చెక్ వాల్వు ఫిల్టరుకి తరవాత పెడితే ఫిల్టర్ హౌసింగు ఆ బ్యాక్ ప్రెషర్ తట్టుకుంటుందో లేదో చూడాలి. మోటార్లు, పంపు కేసు డ్రెయిన్లు ఆ లైన్లో కలపొద్దు, నేరుగా ట్యాంకుకే పోవాలి. లేకపోతే షాఫ్ట్ సీల్ పోతుంది.

#39 డై_షాపు
దీనికి దగ్గరి ప్రశ్న. పెద్ద ప్రెస్, మెయిన్ సిలిండర్లో 40 లీటర్ల ఆయిలు 250 బార్ మీద నిలుస్తుంది. వెనక్కి తిప్పగానే ఫిరంగి పేలినట్టు. ఇదీ ఇదేనా?

#40 తరంగిణి_ఎమ్
కాదు, అది డీకంప్రెషన్, నొక్కుకుని ఉన్న ఆయిలు ఒక్కసారిగా విడుదల కావడం. 40 లీటర్లు 250 బార్ మీద 1.67 శాతం నొక్కుకుని ఉంటాయి, అంటే 0.67 లీటరు. వాల్వు 30 మి.సె.లో తెరిస్తే సెకనుకి 22 లీటర్లు, నిమిషానికి 1300 పైన. ఏ రిటర్న్ లైనూ దాన్ని మోయలేదు. మెయిన్ వాల్వు తెరిచే ముందు చిన్న ఆరిఫిస్ గుండా ప్రెషర్ దించాలి. ఆరిఫిస్ గుండా దిగేటప్పుడు ప్రెషర్ వర్గమూలం సరళరేఖలో పడుతుంది. అందుకే మొత్తం సమయం = 2 × 0.67 భాగించు మొదటి ఫ్లో. 2 మి.మీ. రంధ్రానికి 2.8 సెకన్లు, 3 మి.మీ.కి 1.3, 4 మి.మీ.కి 0.7.

#41 పీఎల్‌సీ_వైర్
టైమరుతో వదలకండి. ప్రెషర్ స్విచ్ 20–30 బార్ కింద పడ్డాకే మెయిన్ వాల్వు తెరిచేలా ఇంటర్‌లాకు పెట్టండి. ఆరిఫిస్‌లో ముక్క ఇరుక్కుంటే టైమరుకి తెలియదు.

#42 డై_షాపు
ప్రీఫిల్ వాల్వులో (మెయిన్ సిలిండర్‌ని ట్యాంకు నుంచి నేరుగా నింపేది) డీకంప్రెషన్ పాపెట్ ఉందంటున్నారు, అది చాలదా?

#43 స్పూల్‌మాస్టర్
పాపెట్ ఉంటే చాలు, కానీ దాని పైలట్ ప్రెషర్ మెట్లుగా ఎక్కాలి. పైలట్ ఒక్కసారిగా పూర్తిగా ఇస్తే చిన్న పాపెట్, పెద్ద పాపెట్ రెండూ దాదాపు ఒకేసారి తెరుచుకుంటాయి. పైలట్ లైన్లో 0.8–1 మి.మీ. ఆరిఫిస్ వేసి, ఆ లైన్లోనే ఒక సెన్సారు బిగించి ట్రేసు తీయండి.

#44 పీణ్య_స్పూల్
మా వైపు నిర్ణయం: పంపు బ్లాకులో డైరెక్టు రిలీఫ్, పైలట్ చోక్ 90 మి.సె. దగ్గర, లిమిట్ స్విచ్ 5 మి.మీ. ముందుకు. రిటర్న్ 50 పైపు. మోడల్లో ఈ మార్పులన్నీ కలిపితే పంపు దగ్గర పీక్ 198. అక్యుములేటర్ ప్రస్తుతానికి లేదు.

#45 గేజ్‌చూపు
చోక్ బిగించాక ఆయిలు 25 డిగ్రీల దగ్గర ఒకసారి, 55 దగ్గర ఒకసారి రెండు ట్రేసులూ తీయి గురూ. రెండింట్లోనూ పీక్‌తో పాటు రామ్ ఆగిన చోటు కూడా రాసిపెట్టు. చోక్ లాక్‌నట్ బిగించాకే తీయాలి, బిగించేటప్పుడు స్క్రూ కొంచెం తిరుగుతుంది.